కాపలా బండ మీంచి ఊపిన చొక్కా

జూన్ నెలలో ఆ ద్వీపం చుట్టూ పడవ నడిపేవాడు ఇద్దరికి లొంగి ఉండాలి. ఒకరు బీచిలు చూడడానికి వచ్చే టూరిస్టు. రెండోది అక్కడి జూన్ చలిగాలితో పాటు దక్షిణం నుంచి మందలు మందలుగా వచ్చే తైన్యా చేప. ఇద్దర్నీ ఒకే రోజు మెప్పించడం ఎవరి తరమూ కాదు. కిందటేడు వల్దెసిర్ అనే పడవవాడు టూరిస్టుని మెప్పించబోయి సొంత అన్నకు కానివాడయ్యాడు.

జరిగింది చిన్న విషయమేమీ కాదు. ద్వీపానికి వెనకవైపు సాకో బ్రావో అనే చిన్న ఊరుంది. మూడు పక్కలా అడవి కొండ, మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రం, తెల్లటి ఇసుక, ఇసుక వెనక పాతిక ఇళ్ళు. సముద్రం లోపలికి వచ్చే చోట ఒక పెద్ద బండ నీళ్ళలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. మే నుంచి జులై దాకా వల్దెసిర్ వాళ్ళన్న ఓసోరియో ఆ బండ మీద కాపలా కూర్చుంటాడు. నీటి రంగు మారిందంటే మంద వస్తోందని అతనికి తెలిసిపోతుంది. వెంటనే చొక్కా విప్పి ఊపుతాడు. కింద ఇసుకలో కాచుకుని ఉన్నవాళ్ళు దుంగ పడవలో వల వేసుకుని, చప్పుడు కాకుండా తెడ్లు వేస్తూ మందను చుట్టేస్తారు. బయటి పడవలకు ఆ చొక్కా చెప్పే మాట ఒక్కటే: ఇంజన్ ఆపు, తప్పుకో. ఆ తీరంలో పుట్టినవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

కిందటేడు వల్దెసిర్ పడవలో ఎక్కిన కుర్రాళ్ళు ఆ బీచి చూడాల్సిందేనని గోల చేశారు. చొక్కా ఊగుతూనే ఉంది. చిటికెలో దింపేసి వెనక్కి తిరుగుదామనుకుని లోపలికి పోనిచ్చాడు. ఆ చలికాలమంతా సాకో బ్రావో వండుకోవాల్సిన చేప, ఉప్పు పట్టించి ఎండబెట్టుకోవాల్సిన చేప, ఇంజన్ చప్పుడుకు బెదిరి సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఓసోరియో బండ దిగి వచ్చాడు. తమ్ముడి మొహం కూడా చూడకుండా పడవ వంక చూసి, "ఎవరిదిరా ఇది? మనకు తెలిసినవాళ్ళది కాదే" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి మాట లేదు. జనవరిలో తల్లి పోతే శవపేటిక మోయడానికి వల్దెసిర్ వచ్చాడు. ముందు అన్న, వెనక తమ్ముడు. ఏటవాలులో పేటిక ఒరిగితే ఓసోరియో పక్కవాడితో, "ఆ వెనకున్నాయన్ని కాస్త ఎత్తి పట్టుకోమను" అన్నాడు. తల్లి శవం భుజాన పెట్టుకుని కూడా అతను పంతం దించలేదు. వల్దెసిర్ ఆ రాత్రి రేవులో తన గదికి వచ్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. తిట్టినా సరే, కొట్టినా సరే, అన్న నోటి నుంచి తన పేరున ఒక్క మాట రావాలి. ఏడాదిగా అతనికున్న కోరిక అదొక్కటే.

ఆ పొద్దున పడవలో ఐదుగురు ఎక్కారు. ముగ్గురు రియో కుర్రాళ్ళు. ఇంకో ఇద్దరు, సముద్రం లేని మీనాస్ నుంచి వచ్చిన ముసలి జంట, జులేయిదే, ఆమె భర్త అమిల్తోన్. జులేయిదే బడిలో వంట చేసి రిటైరయింది. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడడం ఇదే మొదలు. గడ్డి టోపీని గడ్డం కింద తాడుతో కట్టుకుని, ముందు బల్ల మీద రాణిలా కూర్చుంది. భర్త మాత్రం పడవ కదలకముందే కళ్ళు మూసుకున్నాడు.

"ఏమండీ, కళ్ళు తెరవండి. డబ్బులు కట్టింది నిద్రపోడానికి కాదు" అంది.

"తెరిస్తే కడుపులోది బయటికొస్తుందే" అన్నాడు అమిల్తోన్.

గుల్లల బీచిలో ఆమె ఒడి నిండా గవ్వలు ఏరింది. అక్కచెల్లెళ్ళ బీచిలో మోకాలి దాకా దిగి, కెరటం తగలగానే కెవ్వుమని అరిచి, మళ్ళీ దిగింది. మళ్ళీ పడవెక్కాక తోచిందల్లా అడుగుతూనే ఉంది. నీళ్ళు ఇక్కడ ఆకుపచ్చగా ఎందుకున్నాయి, అక్కడ నల్లగా ఎందుకున్నాయి, నీకు పెళ్ళయిందా, ఎందుకు కాలేదు. వల్దెసిర్‌కి ఆమె మీద విసుగు రాలేదు. తన తల్లి కూడా ఇలాగే జవాబు కోసం ఆగకుండా అడిగేది.

సాకో బ్రావో దగ్గరపడుతుంటే అతను ఇంజన్ నెమ్మది చేశాడు. ఏడాదిగా ఆ మలుపు దగ్గర అతను చేసేదదే. కొండ తిరగగానే బండ కనిపించింది. బండ మీద చొక్కా ఊగుతోంది.

చేతిలో ఉన్నదంతా వదిలేసి ఇంజన్ ఆపేశాడు. పడవ కెరటం మీద తూలింది.

"ఏమైంది? చెడిపోయిందా?" అన్నాడు కుర్రాళ్ళలో ఒకడు.

"చేప వచ్చింది. లోపలికి వెళ్ళకూడదు. ఈ బీచి ఇవాళ లేదు."

"అదేంటి బ్రదర్! ఈ బీచి కోసమే వచ్చాం. ఫోటోలు చూసే గదా నీ పడవెక్కింది!"

"డబ్బులో తగ్గించుకోండి. కావాలంటే తిరిగి వెళ్ళాక రేవులో నన్ను నలుగురి ముందూ తిట్టండి. లోపలికి మాత్రం పోనివ్వను."

జులేయిదే అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని బండ వైపే చూస్తోంది. ఓసోరియో కూర్చునే ఊపుతున్నాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఒక వరస లేకుండా.

"బాబూ, ఆయన రమ్మంటున్నట్టుందే" అంది.

వల్దెసిర్ నవ్వాడు. "లేదమ్మా. పొమ్మంటున్నాడు. అది మా భాష, మీకు తెలీదు. ఆయన మా అన్న."

"మా వైపు అలా చెయ్యి ఊపితే రమ్మనే."

"మీ వైపు సముద్రమే లేదు గదమ్మా!"

కుర్రాళ్ళు కూడా నవ్వారు. వల్దెసిర్ తెడ్డు తీసుకుని, చప్పుడు లేకుండా పడవ మూతిని బయటికి తిప్పాడు. గాలి ఎదురుగా ఉంది, చెమట కారింది. మనసు మాత్రం తేలిగ్గా ఉంది. వెనక్కి చూస్తే అన్న ఇంకా గట్టిగా ఊపుతున్నాడు. తను తప్పుకోవడం అన్న చూశాడు! ఏడాది తర్వాత అన్నయ్య అతని కేసి చెయ్యి ఊపాడు. వల్దెసిర్ లేచి నిలబడి టోపీ తీసి పైకెత్తి, బాగా కనబడేలా రెండుసార్లు ఊపాడు. బండ మీద చొక్కా ఇంకా జోరుగా ఊగింది. అతనికి కళ్ళు చెమర్చాయి. దూరం వెళ్ళాక గాని ఇంజన్ వేయలేదు.

మధ్యాహ్నం కొబ్బరితోపు బీచిలో పాక హోటల్ దగ్గర అందరూ వేయించిన చేప, కర్రపెండలం పిండి తింటుంటే, ఎదురుగా పోతున్న పడవలోంచి జోవినో అనే సరంగు వల్దెసిర్‌ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టి అరిచాడు.

"ఒరే దెసీ! సాకో బ్రావోలో పంట పండింది! వల లాగలేక చస్తున్నారు! మీ అన్న పంటే అది!"

వల్దెసిర్ కాళ్ళు ఇసుక మీద ఆనలేదు. "చూశారా? చూశారా మరి?" అని కుర్రాళ్ళ వీపుల మీద చరిచాడు. "మనం లోపలికి వెళ్ళుంటే ఇవాళ ఆ ఊరు పస్తు! సాయంత్రం మిమ్మల్ని అక్కడికే తీసుకెళ్తా. మా వాళ్ళ చేతి చేప తిందురు గాని, నయాపైసా అక్కర్లేదు."

అప్పుడే వెళ్ళుండచ్చు. ఆ మాట తర్వాత అతను ఎన్ని వందల సార్లు అనుకున్నాడో లెక్కలేదు. కానీ వల లాగే హడావిడిలో వెళితే అన్న పని చూసుకుంటాడు గాని తనను చూడడు. పంపకాలప్పుడు వెళితే మనసు మెత్తగా ఉంటుంది, పక్కన నలుగురూ ఉంటారు. అలా లెక్కలు వేసుకుని అతను ఇంకో బీచి తిప్పాడు. అక్కడా జులేయిదే గవ్వలు ఏరుతుంటే తొందరపెట్టలేదు. నీళ్ళ అంచున అటూ ఇటూ తిరుగుతూ, అన్నతో ఏం మాట్లాడాలో పైకే అనుకున్నాడు. "అన్నా, ఈసారి నీ మాట విన్నాను." వద్దు, మరీ బడిపిల్లాడిలా ఉంది. "అన్నా, బాగున్నావా?" అది పరాయివాళ్ళు అడిగేది. చివరికి మొదటిదే బాగుందనిపించింది.

సాకో బ్రావో ఇసుక మీద ఆ సాయంత్రం కాలు పెట్టే చోటు లేదు. ఎక్కడ చూసినా వెండి రంగు చేపలు, కొన్ని ఇంకా తోక కొడుతూనే ఉన్నాయి. ఆడా మగా మోచేతుల దాకా పొలుసుల్లో మునిగి, నవ్వుతూ, పాడుతూ పనిలో ఉన్నారు. వల పెద్ద నిసియో అప్పటికే చెరకు సారా పట్టించినట్టున్నాడు, పడవ ఒడ్డుకు రాకముందే మొదలెట్టాడు.

"ఇదిగో వచ్చాడయ్యా బుద్ధిమంతుడు! పొద్దున నువ్వు తోక ముడిచి పోతుంటే చూశాం రా దెసీ. ఏడాది పట్టిందన్న మాట నీ బుర్రకెక్కడానికి!"

"ఎక్కింది గదా మావా, ఇంకా ఎందుకు పొడుస్తావు?" అన్నాడు వల్దెసిర్. అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వులో ఏడాది కిందటి కోపం లేదు. అతని కళ్ళు మాత్రం అన్న కోసం వెతుకుతున్నాయి.

వదిన లిందౌరా కత్తి పక్కన పెట్టి లేచింది. "మీ అన్న ఇంకా దిగలేదు."

"ఎందుకని?"

"ఎందుకనేంటి? ఇంకో మంద కోసం కూర్చున్నాడని వీళ్ళంటారు. నాకు తెలీదా ఆయన సంగతి! పొద్దున నీ పడవ చూసుంటాడు, మొహం ముడుచుకుని కూర్చుని ఉంటాడు. ఊరంతా పండగ చేసుకుంటుంటే ఈయనకి అలక. అన్నం కూడా తినడానికి రాలేదు." అరిటాకులో కాల్చిన చేప గుడ్ల సంచులు రెండు అతని చేతిలో పెట్టింది. "మొదటి గుడ్లు కాపలావాడివే గదా. నువ్వే తీసుకెళ్ళు. కాళ్ళు పట్టుకుంటావో, జుట్టు పట్టుకుంటావో, ఆయన్ని కిందికి తీసుకురా. నీ పుణ్యముంటుంది, మీ ఇద్దరి మధ్యా చచ్చిపోతున్నాను."

బండ ఎక్కే దారి అడవిలోంచి పోతుంది. వేడి ఆకు చేతిలో మార్చుకుంటూ వల్దెసిర్ గబగబా ఎక్కాడు. పైన అన్న వీపు కనిపించింది. రాతికి చేరగిలబడి, ఒంటి మీద చొక్కా లేకుండా, సముద్రం వైపు తిరిగి ఉన్నాడు. వల్దెసిర్ నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

"అన్నా, ఈసారి నీ మాట విన్నాను."

వల్దెసిర్ ఇంకో అడుగు వేశాడు.

"సరే, మాట్లాడకు. గుడ్లు తెచ్చాను, వదిన పంపింది. ఇక్కడ పెడతాను. నువ్వు తినేదాకా పోను. ఎన్నాళ్ళుంటావో నేనూ చూస్తా."

దగ్గరికి వెళ్ళి ఆకు పెట్టబోతూ కాలు చూశాడు. చొక్కా తొడకు బిగించి కట్టి ఉంది. దాని కింద కాలు కాలులా లేదు. ఉబ్బి, నల్లబడి, చర్మం పగిలి రసి కారుతోంది. పక్కన రాయితో తల చితక్కొట్టిన జరరాకా పాము పడి ఉంది. ఓసోరియో పెదవుల మీద, చిగుళ్ళ మీద నెత్తురు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఉంది.

"అన్నా! ఎప్పుడు? ఎప్పుడు కరిచింది?"

ఓసోరియో నాలుకతో పెదవులు తడుపుకోబోయాడు. "పొద్దున. నువ్వు రాకముందు."

అన్న అతనితో మాట్లాడాడు. ఏడాదిగా ఎదురుచూసిన మాట అది.

"మరి కింద అంత మంది ఉన్నారే! వాళ్ళని పిలవలేకపోయావా?"

"ఊపాను. వల తీసుకుని పరిగెత్తారు." గొంతులో ఏదో గరగరలాడింది, నవ్వినట్టే ఉంది. "అరిచాను. వాళ్ళు పాడుకుంటున్నారు."

వల్దెసిర్ బుద్ధి లేక నోటికొచ్చింది అనేశాడు. "మంచి పంట పండింది అన్నా. ఇసుకంతా చేపే."

"ఏ చేప?" అన్నాడు ఓసోరియో.

తమ్ముడి మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"నేను చేప చూడలేదు. నిన్ను చూశాను. నువ్వు టోపీ ఎత్తావు."

తర్వాత కళ్ళు మూతలు పడ్డాయి.

వల్దెసిర్ బండ అంచుకు పరిగెత్తి గొంతు చించుకుని అరిచాడు. గాలి అతని అరుపును అడవిలోకి తోసేసింది. కింద ఒక్కరూ తల ఎత్తలేదు. చొక్కా విప్పి పిచ్చివాడిలా ఊపాడు. అప్పుడు చూశారు. చూసి హోరుమని కేక వేశారు. "ఇంకో మంద! ఇంకో మంద వచ్చింది!" కత్తులు పారేసి, తడి వలను మళ్ళీ దుంగ పడవలోకి తోస్తూ, నిసియో అందర్నీ తిడుతూ, ఊరంతా సముద్రం వైపు పరిగెత్తింది. లిందౌరా కూడా చీలమండల దాకా నీళ్ళలో దిగి పడవను తోస్తోంది.

"కాదు! ఇటు! ఇటు రండి!" అని అతను ఏడుస్తూ ఊపాడు. ఎంత ఊపితే వాళ్ళు అంత గట్టిగా తెడ్లు వేశారు. ఏం చేస్తే వాళ్ళకు అర్థమవుతుందో అతనికే తెలియలేదు. చేప ఎటుందో, ఎప్పుడు చుట్టాలో, ఎప్పుడు లాగాలో చెప్పడానికి తాతల నాటి గుర్తులున్నాయి వాళ్ళకు. రమ్మని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

ఇసుక మీద గడ్డి టోపీ పెట్టుకున్న మనిషి ఒక్కతే బండ వైపు తిరిగి నిలబడింది. ఒక క్షణం చూసింది. ఒడి కట్టుకున్న గవ్వలన్నీ కింద పారబోసి, భర్త రెక్క పట్టుకుని లేపి, కుర్రాళ్ళను కేకేసి, చేపల మధ్యలోంచి తూలుతూ అడవి దారి పట్టింది.

ఓసోరియోను దింపింది ఆ ఐదుగురూ, వల్దెసిర్. రొప్పుతూ, జారుతూ దించారు. అమిల్తోన్ అంత వయసులోనూ ఆ నల్లబడ్డ కాలిని తన రెండు చేతుల్లో పట్టుకుని, రాళ్ళకు తగలకుండా తెచ్చాడు. ఖాళీ వల లాక్కుని తిట్టుకుంటూ ఒడ్డుకొచ్చినవాళ్ళు అది చూసి ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. లిందౌరా పొలుసుల చేతులతోనే మొగుడి మొహం పట్టుకుంది.

విషానికి మందు అవతలి ఒడ్డున పట్నంలో తప్ప లేదు. ఆ వైపు వేగంగా పోయే ఇంజన్ వల్దెసిర్ పడవకే ఉంది. పొద్దున ఆ పడవ బండ కింద నుంచే వెనక్కి తిరిగింది. అతను ఇంజన్ పగిలిపోయేలా నడిపాడు. లిందౌరా మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, జాలర్లను కాచే పునీత పేతురును తిడుతూ, అంతలోనే బతిమాలుతూ కూర్చుంది. ద్వీపం వెనకబడి పట్నం దీపాలు కనిపిస్తుండగా ఆమె మాట ఆగిపోయింది. వల్దెసిర్ వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె మాట ఆగిందంటే ఎందుకో అతనికి తెలుసు. అయినా రేవు దాకా అదే వేగంతో నడిపాడు.

మర్నాడు సాకో బ్రావోలో శవాన్ని ఇంట్లో పడుకోబెట్టారు. ద్వీపం నలుమూలల నుంచి పడవలొచ్చాయి. జులేయిదే, అమిల్తోన్ కూడా ఎవరి పడవనో బతిమాలుకుని వచ్చారు. ఉప్పు పట్టించిన చేపలు పెరటినిండా తాళ్ళకు వేలాడుతున్నాయి. చచ్చినవాడి చేప గనక పారేయాలని ఎవరూ అనలేదు. అంత పంటను పారేసే స్తోమత ఎవరికీ లేదు. వల్దెసిర్ గడప బయటే నిలబడ్డాడు.

లిందౌరా వచ్చి అతన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"పైన మీ అన్నకి తెలివి ఉందా అప్పటికి?"

"ఉంది వదినా."

"నీతో మాట్లాడాడా? నిజం చెప్పు."

"మాట్లాడాడు."

ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు "దేవుడా" అన్నారు. నిసియో గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పోయేముందు కలిసిపోయార్రా, అన్నదమ్ములు కలిసిపోయారు" అన్నాడు. ఆ మాట గది దాటి, పెరడు దాటి, ఇసుక మీదికి పోవడం వల్దెసిర్‌కి వినబడుతూనే ఉంది.

"ఏమన్నాడు? చెప్పు దెసీ. అందరూ వింటారు. ఏమన్నాడు మీ అన్న?"

గదిలో అందరూ అతని వైపే చూస్తున్నారు. జులేయిదే కూడా చూస్తోంది. నిన్న పొద్దున పడవలో తను ఏమన్నదో, అతను ఏమని నవ్వాడో ఆమెకు తెలుసు. చెబుతుందేమోనని అతను భయపడ్డాడు. చెప్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె నోరు తెరవబోయి, లిందౌరా మొహం చూసి, తల వంచుకుని జపమాల తిప్పుకుంది.

"నేను వచ్చినందుకు సంతోషించాడు వదినా" అన్నాడు వల్దెసిర్.

లిందౌరా అతని తలను భుజానికి ఆనించుకుని గట్టిగా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, పొయ్యి పక్కన అన్న కూర్చునే పీట చూపించి, కూర్చోమంది. ఎవరో కాఫీ తెచ్చి ఇచ్చారు. ఏడాది తర్వాత ఆ ఇంట్లో అతనికిచ్చిన కాఫీ అది. అందరూ చూస్తుండగా అతను చివరి చుక్క దాకా తాగాడు.